మూడోసారి ఆడిన రంగం

నాటకంలో అత్త కోడల్ని తిడుతుంటే చప్పట్లు కొట్టిన చేతుల్లో మీవి లేవా? ఆ తిట్లు రాసిన చెయ్యి మాత్రం నాది.

కొడుకు పోయిన ఇంట్లో పెత్తనం చెలాయించే తల్లి కథ అది. కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే ఆమె ఒప్పుకోదు. ఆమె ఎంత క్రూరంగా కనిపిస్తే జనానికి అంత అసహ్యం పుడుతుందనుకుని, పదునైన మాటలన్నీ ఆమెకే ఇచ్చాను. కోడలికి ఏడుపు మిగిల్చాను.

మెట్‌పల్లిలో బీడీలు చేసే ఒక యువతి కోడలి వేషానికి ఒప్పుకుంది. ఆమెకూ భర్త లేడు. బీడీ కార్ఖానాలో పనిచేసే ఒకతను పెళ్లాడతానని అడిగితే, అత్తతో చెప్పే ధైర్యం చాలక నాన్చుతోంది. ఒళ్లో చాట పెట్టుకుని ఆకు చుడుతూనే నాటకం నేర్చుకునేది. ఒకరోజు అడిగింది: "సారూ, నాకు గూడ ఒక్క జవాబు రాయరాదు?"

మౌనమే గొప్ప జవాబని ఉపన్యాసమిచ్చాను.

ప్రదర్శన రోజు అత్త కోడల్ని తిట్టి గడప బయటికి గెంటగానే జనం వన్స్‌మోర్ అన్నారు. మా దగ్గర అలా అడిగితే ఆ రంగం మళ్లీ ఆడాల్సిందే. ఆడాం. మళ్లీ అడిగారు. అసహ్యం ఎవరికీ పుట్టలేదు. అత్త వేషం కట్టినామె హుషారెక్కి కొత్త తిట్లు కలిపింది. మూడోసారి కోడలు కదల్లేదు.

"నేను పోను అత్తా. గాయిన పెండ్లి చేస్కుంటనని అడిగిండు, నాకిష్టమే. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా చేస్కుంట."

చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరుసలో ఆమె సొంత అత్త కూర్చుని ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆ అత్త మా ఇంటికి వచ్చింది. వెనక కోడలు నా ముఖమే చూస్తోంది.

"గా మాట నువ్వు రాసిచ్చినవా సారూ? నువ్వు రాస్తే నాటకం. రాయకుంటే దాని మనసుల మాట."

అబద్ధమాడడని నాకు ఊళ్లో పేరు.

"నేను రాయలే," అన్నాను.

నిజం నాది, శిక్ష ఆమెది. నాటకం మాన్పించారు. అతని కబురు గడప తొక్కనివ్వలేదు. నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కుదురు లేదు. ఆమె అడిగిన రోజు జవాబు రాయకపోవడమే నా తప్పు. తర్వాత చెప్పిన నిజం దాన్ని కడగలేదు.

నాటకాలు రాసేవాళ్లారా, ఆడించేవాళ్లారా, పెత్తనం చేసే తల్లి పాత్ర ఉన్న నాటకం మీ చేతిలో ఉంటే ఈరోజే తెరవండి. ఆమె ఎదుట తలవంచుకుని నిలబడ్డ పిల్లకు జవాబు రాయండి. రేపు ఎవరైనా వచ్చి నిలదీస్తే, రాసింది నేనేనని ఆ పిల్లకు అడ్డుగా నిలబడి చెప్పండి.