అయ్య కళ్లలోని చోటు

సీతమ్మధారలో మా కాలనీ సంఘం వాళ్లు పెద్దవాళ్ల కోసం నడుపుతున్న కంప్యూటర్ క్లాసు గది తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన ప్లాస్టిక్కు, ఏసీ చల్లదనం, ముందు వరసలో ఎవరో మోకాళ్లకు రాసుకొచ్చిన నొప్పుల మందు, మూడూ కలిసిన వాసన. నేను రోజూ కొంచెం ముందే వెళ్లి, గోడవైపు కుర్చీలో కూర్చుని, ఆ రోజు చెప్పినదంతా డైరీలో రాసుకుంటాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు, రిటైరయ్యాక మానడానికి కారణం కనబడలేదు.

పాఠం చెప్పే అమ్మాయి పేరు లలిత. ఏదైనా నోటితో చెప్పి ఊరుకోదు, చేసి చూపిస్తుంది. కీబోర్డుతో, మౌసుతో మనం లోపలికి చెప్పేది ఇన్‌పుట్ అని, తెర మీద అది మనకు చెప్పేది అవుట్‌పుట్ అని, మధ్యలో పెట్టెలో ఉండి పని అంతా నడిపేది ప్రాసెసర్ అని చెప్పి, ఉన్నట్టుండి మానిటర్ వెనక తీగ పీకేసింది. తెర నల్లబడిపోయింది.

"అయ్యయ్యో, సచ్చిపోనాదేటమ్మా?" అన్నారు నా పక్కనున్న పెద్దాయన.

"లేదండీ. లోపల అన్నీ అలాగే ఉన్నాయి. మనకి చెప్పే దారి తెగిపోయింది, అంతే."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. మా ఇంట్లో జరిగినదాన్ని ఇన్నేళ్లలో ఏ డైరీలోనూ సరిగ్గా రాయలేకపోయాను. పరాయి పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది.

మాది సముద్రపు ఒడ్డున గంగపుత్రుల పేట. తాటాకు కప్పుల మీద ఎండుతున్న నెత్తళ్ల చేపలు, తారు పూసిన పడవల వాసన, ఎండాకాలం మధ్యాహ్నాల్లో కాళ్లు కాల్చే ఇసుక, చలిగాలి మొదలయ్యాక కుండలో ఉడికే కోనాం చేప పులుసు, గంగమ్మ పండక్కి వాకిళ్ల నిండా పసుపు నీళ్లు, చుట్ట నిప్పును నోటి లోపలికి తిప్పుకుని అడ్డపొగ పీలుస్తూ వలలు బాగుచేసే ముసలమ్మలు, వాళ్ల కాళ్ల సందుల్లోంచి పీతల వెంటపడి పరిగెత్తే మేము, ఇదీ నా లోకం. మా అయ్య, అంటే నాన్న, మాట తక్కువ మనిషి. సముద్రం మీంచి రాగానే గుమ్మంలో కూర్చుని కాళ్లు కడిగించుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ గంజి తాగి, ఎవరేం అడిగినా ఊఁ అనేవాడు.

ఆ తక్కువ మాటలకి కారణం ఉంది. సముద్రం అడుగున ఒక రాతిగుట్ట ఉండేది. దాని మీద వల వేస్తే చిరిగిపోతుంది, గాలం వేస్తే మాత్రం పేటంతా ఉత్త చేతులతో వచ్చిన రోజున కూడా కోనాలు పడేవి. నీళ్ల మీద గుర్తులు పెట్టలేం కనక మనవాళ్లు ఒడ్డునే గుర్తులు చూసుకునేవారు. ఫలానా కొండ కొమ్ము ఫలానా తాటిచెట్టు మీదికి రావాలి, అది ఒక గీత. ఇంకోవైపు ఇంకో రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి రావాలి, అది రెండో గీత. రెండు గీతలూ కలిసినచోట గాలం. అయ్య గుర్తులు ఏవో తెడ్లు వేసే నలుగురికీ తెలియదు. చోటు దగ్గరపడగానే వాళ్లను సముద్రం వైపు తిరిగి కూర్చోమనేవాడు. పాస్‌వర్డ్ అంటే ఏమిటో లలిత చెబుతుంటే నాకు అయ్యే కనిపించాడు. సొత్తు మీద తాళం కాదది, సొత్తుకు దారి తెలిసిన మాట.

కంప్యూటర్లో జ్ఞాపకం రెండు రకాలట. ర్యామ్‌లో ఉన్నది కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. సేవ్ చేస్తే హార్డ్ డిస్కులోకి వెళ్లి నిలుస్తుంది. అదే ఇంకోచోట కూడా దాచుకుంటే బ్యాకప్. మా అయ్య సేవ్ చేసుకున్నాడు గానీ తన తలలో తప్ప ఇంకెక్కడా దాచలేదు.

ఒకరోజు పొద్దున్న వల భుజాన వేసుకుంటూ ఇసుకలో కూలబడ్డాడు. పక్షవాతం. ఒక చెయ్యి, ఒక కాలు, మాట, మూడూ పోయాయి. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి పేటలో అందరూ ఒకే మాట అనుకుంటున్నారు, ఆ చోటు కూడా పోయిందని. చోటు లేని పడవకి మనుషులు నిలవరు. తెడ్లు వేసే నలుగురిలో పెద్దవాడు మా పెదనాన్న కొడుకు నూకరాజన్నయ్య. గుమ్మం ముందు నిలబడి, "పిన్నీ, ఈ వారం సూత్తాం. ఆపైన మాకూ పిల్లలున్నారు కదా" అన్నాడు తల దించుకుని. నేను ఆడపిల్లను, ఉన్న ఒక్క తమ్ముడూ ఇంకా అమ్మ చంక దిగలేదు. పడవ ఆగితే మా పొయ్యి ఆగినట్టే.

అమ్మ ఏడవలేదు. అయ్య ముఖంలోకి చాలాసేపు చూసి, "ఈడికి మాటే పోనాది, మతి పోలేదు" అంది.

మర్నాడు ఉదయం అయ్యను మంచంతో సహా మోయించి పడవలో ఒడ్డు కనబడేలా కూర్చోబెట్టించి, తనూ ఎక్కింది. మా పేటలో ఆడవాళ్లు పడవని తాకను కూడా తాకరు. ఒడ్డున గోల లేచింది. కులపెద్ద చెయ్యి అడ్డం పెట్టి, "ఆడమడిసి పడవెక్కితే గంగమ్మ తల్లి ఊరుకుంటాదేటి?" అని అరిచాడు.

"గంగమ్మ ఆడది కాదేటి బావా? ఆ తల్లికి లేని బాద నీకేటి?"

నేను ఇసుకలో నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ తర్వాత జరిగింది అమ్మ చెబితే విన్నదే. కొంతదూరం పోయాక "ఇటా?" అని అడిగితే అయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడట. "అటా?" అంటే అప్పుడూ తెరవలేదట. తెడ్లవాళ్లు పోనీ వదిలేద్దాం అన్నారట. కాసేపటికి అమ్మకు అర్థమైంది. వాళ్లు తెడ్లు వేసేది ఒడ్డు వైపు తిరిగి. అయ్య చూపు ఒడ్డున ఏ గుర్తు మీదికి తిరిగినా వాళ్లకు తెలిసిపోతుంది. చెప్పలేక కాదు, వాళ్లున్నారని చెప్పడం లేదు.

"మొకాల మీద తువ్వాళ్లు కప్పండి! ఎవుడైనా సూసినాడంటే కళ్లల్లో కారం కొడతాను" అంది.

నలుగురూ కప్పుకున్నారు. అయ్య కళ్లు తెరిచాడు. అవునంటే తెరవడం, కాదంటే మూయడం. ఉంది, లేదు అనే రెండు గుర్తులతోనే కంప్యూటర్ లోపల సమస్తం నడుస్తుందని లలిత చెప్పినప్పుడు క్లాసులో చాలామంది నమ్మలేదు. నేను నమ్మాను. సాయంత్రానికి పడవ కోనాలతో తిరిగొచ్చింది. అమ్మ ఒడ్డు గుర్తులు రెండు గీతలూ చూసుకుని వచ్చింది. కాపీ తయారైంది.

అయ్య పోయాక కూడా చాలా ఏళ్లు అమ్మే ఆ పడవలో వెళ్లేది, వెళ్లిన ప్రతిసారీ నలుగురి ముఖాల మీదా తువ్వాళ్లు. తమ్ముడు పెద్దయి ఉక్కు కర్మాగారంలో చేరాడు. నాకు ఆఫీసు ఉద్యోగం వచ్చింది. ఆ చోటు అమ్మ ఎవరికీ చెప్పలేదు. వేటాడని వాళ్లకు చెప్పి ఏం లాభం అనేది. ఆమెతోనే పోయిందనుకున్నాను.

మొన్న క్లాసయ్యాక హార్బర్‌కి వెళ్లాను. నూకరాజన్నయ్య కొడుకు ఇంజను బోటు కొన్నాడు. అన్నయ్య అందులో కూర్చుని జీపీఎస్ పెట్టె తుడుస్తున్నాడు. తెర నిండా చుక్కలు. వేట దొరికే చోట్లట.

"అన్నయ్యా, మా అమ్మ చోటు ఎక్కడుండేదో" అన్నాను ఊరికే.

ఆయన ఒక చుక్క మీద వేలు పెట్టాడు. "ఇదే కదేటి సెల్లీ."

"నీకెలా తెలుసు? ముసుగులు కదా మీకు?"

"ఆ తువ్వాళ్లు నువ్వు సూడలేదేటి? టీ వడగట్టొచ్చు వాటితోటి. కొండా, సెట్టూ, అన్నీ కనిపించీవి."

"నలుగురికీనా?"

"నలుగురికీ. మొదటి రోజే."

"మరి ఎవరూ వెళ్లలేదే! ఎవరికీ చెప్పలేదే!"

"పిన్ని దాసుకుంటన్నాది, దాసుకోనీ అనుకున్నాం" అన్నాడు, అందులో అడగాల్సింది ఏముందన్నట్టు.

ఒక తలలోనే ఉందనుకున్నది ఇన్నేళ్లూ ఐదు తలల్లో ఉంది. ఆ సంగతి అమ్మకు తెలియకుండానే పోయింది. "దీన్లోకి నువ్వే ఎక్కించావా?" అని అడిగాను.

"నానెందుకెక్కిత్తాను? పెట్టె కొన్నప్పుడే ఉన్నాదిది. ఏ రేవోడు పెట్టాడో! ఇప్పుడందరి ఫోన్లలోనూ ఉన్నాది. రోజూ తీర్తమే అక్కడ, ఒకటే బోట్లు. సేపల్లేవు, ఏటీ లేదు."

ఆ చుక్క పక్కన పేరు కూడా లేదు, ఏదో అంకె. డిలీట్ చేయమందామనుకున్నాను. ఒక పెట్టెలోంచి తీసేస్తే కాపీలన్నీ పోవని ఆ వారమే నేర్చుకున్నాను. ఒడ్డు వైపు చూశాను. అపార్ట్‌మెంట్ల వెనక కొండ కొమ్ము కనబడలేదు. తాటిచెట్టు ఎప్పుడు కొట్టేశారో తెలియదు. తెడ్డు వేసే పడవ ఒక్కటీ లేదు. ఆ నలుగురిలో మిగిలింది అన్నయ్య ఒక్కడే.

"మీ వాడూ అక్కడికి వెళ్తాడా?" అన్నాను.

"ఆడెల్తాడు. నానుంటే మాత్రం బోటు అటు తిప్పనివ్వను" అని తెర మీద గుడ్డ కప్పాడు. "పిన్ని సూడొద్దంది కదా."