పైలి సారు పదకొండు గోతులు

కేరళలోని వైపిన్ లంకలో పైలి సారు కాలు పెట్టిన చోటల్లా మూరెడు లోతు గొయ్యి పడవలసిందే. నేలలను పరీక్షించే శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి ఆయన విశ్రాంతి పొందారు గాని, ఆయన గునపానికి మాత్రం విశ్రాంతి దొరకలేదు. తవ్విన మన్నును గుప్పిట పట్టి, పనసపండు ముగ్గిందో లేదో తేల్చే పెద్దమనిషిలా కళ్లు మూసుకుని వాసన చూస్తారు. బూడిదరంగుండి కుళ్లిన గుడ్డు కంపు కొడితే “తడి నేల!” అంటారు. పసుపు వన్నెలో ఉండి కంపు లేకపోతే “పొడి నేల!” అంటారు. అడిగినవారు ఎవరూ ఉండరు.

మేనకోడలి పెళ్లి విందులో బల్ల కింద పాయసం గరిటెతో తవ్వి, “పెళ్లికూతురు పొడి నేల మీద ఉంది, పెళ్లికొడుకు తడి నేల మీద ఉన్నాడు” అని ప్రకటించారు. వరుడి తరఫువారు దానిని శాపంగా భావించారు. పాయసం కోసం కాచుకున్నవారు అంతకంటె ఘోరంగా భావించారు.

“ఓ మనిషీ! మీరు కాపురం చేసేది నాతోనా, మట్టితోనా?” అని భార్య కొచ్చుత్రేసియా నిలదీసింది.

“మట్టి ఎదురు మాట్లాడదు, త్రేసియా.”

ఇంతటితో ఆగితే ఆమె సహించేదే. కాని ఆ వేసవిలో ఆయన పొరుగింటి బ్రిజీత స్థలం మీద పడ్డారు. బ్రిజీత రొయ్యలు ఒలిచి బతికే విధవరాలు. ఇల్లు కట్టుకోవడానికి సర్కారు సాయం మంజూరైంది. వానలు పడేలోగా పునాది వేయకపోతే అది రద్దవుతుంది. చిత్తడి నేలలో ఇల్లు కట్టరాదని చట్టం. గ్రామాధికారి రోడ్డు మీదినుంచే అక్కడ గుబురుగా పెరిగిన తుంగను చూసి, “చిత్తడి” అని రాసి వెళ్లిపోయాడు.

అటువంటి స్థలంలో పైలి సారు రోజుకొక గొయ్యి తవ్వసాగారు. కాలువ వైపున్న మొదటి రెండింటికీ “తడి నేల!” అని వీధి అదిరేలా అరిచారు. మూడోదాని నుంచి ఎందుకో నోరు మెదపలేదు. నాలుగోదానిలో బ్రిజీత కోడి పడి, తీరుబడిగా గుడ్డు పెట్టింది.

“చేచ్చీ, సారు నా ఇంటికి ముందే గోరీ తవ్వుతున్నారా?” అని బ్రిజీత, అక్కలాంటి కొచ్చుత్రేసియా ముందు కళ్లు ఒత్తుకుంది.

కొచ్చుత్రేసియా సిగ్గుతో చితికిపోయి గునపాన్ని దాచేసింది. ఆయన అట్లకాడతో తవ్వారు.

పదకొండో గొయ్యి పూర్తయిన నాడు పదకొండు కాగితపు పొట్లాలు పట్టుకుని గ్రామ కచేరికి బయలుదేరారు. బ్రిజీతకు మిగిలిన కాస్త ఆశనూ పూడ్చివస్తారేమోనని కొచ్చుత్రేసియా వెంటబడింది.

పైలి సారు అధికారి దస్త్రాల మీదనే పొట్లాలు విప్పారు. “వాసన చూడండి.”

“నాకు జలుబండీ.”

“మొదటి రెండింటికి జలుబే మేలు. అవి కాలువగట్టువి. అక్కడ పిట్టగూడు కూడా కట్టనివ్వను. మిగతా తొమ్మిదీ చూడండి, పసుపు ఇసుక. మూరెడు లోతున కూడా బూడిదరంగు మచ్చ లేదు.”

“ఆ తుంగను నా కళ్లతో చూశాను గదా!”

“తుంగ కనబడింది, పక్కనే నిరుటి నుంచి కారుతున్న వీధి కుళాయి కనబడలేదా? నీళ్లు పోసి మొక్కను మోసగించవచ్చు నాయనా, మట్టిని అంత త్వరగా మోసగించలేం.”

అధికారి తొమ్మిదీ చూసి, పొరపాటున మొదటి పొట్లం మీదికి వంగాడు. జలుబు ఎగిరిపోయింది. ఆ మధ్యాహ్నమే స్థలానికి వచ్చి, గోతులూ కుళాయీ చూసి, పాత రాత కొట్టివేసి సంతకం పెట్టాడు.

“ఈ మాట ముందే చెబితే ఆ పిల్ల ఏడ్చేది కాదుగా?” అంది కొచ్చుత్రేసియా.

“పదకొండోది తడి అని తేలితే? ఆశపెట్టి ఏడిపించడం కంటె, నన్ను తిట్టుకోవడమే నయం.”

ఆమె ఆ సాయంత్రమే గునపాన్ని తెచ్చి ఆయన మంచం పక్కన నిలబెట్టింది.

క్రిస్మస్ నాటికి ఇల్లు లేచింది. పాదిరిగారు దీవించి వెళ్లారు. విందు వేళకు పైలి సారు మాయం. బ్రిజీత నవ్వుతూ పెరట్లోకి దారి చూపింది.

“ఇంటికింద పోగా మిగిలిన గోతుల్లో అరటి పిలకలు నాటాను, చేచ్చీ. ఒక్కదానికి మాత్రం వాన పడకుండా రేకు కప్పి ఉంచాను. అది కూడా లేకపోతే సారు మా ఇంటికెందుకు వస్తారు?”

పైలి సారు ఆ గోతి అంచున కూర్చుని, గుప్పెడు మన్ను తీసి, కళ్లు మూసుకున్నారు.

“పొడి నేల!”

“తెలుసు లేండి,” అంది కొచ్చుత్రేసియా, పాయసం గరిటెను వీపు వెనక దాచుకుంటూ. “చెయ్యి కడుక్కుని రండి.”