బీరపాదు మీది వల

ఆదివారం పొద్దున పది గంటల వేళ మేడ్చల్ ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "చిన్నమ్మ ఇగ లేదు" అన్నాడు. అప్పుడు నేను శామీర్‌పేట రోడ్డు పక్కన మా రేకుల కొట్టు వెనక కూర్చుని చేపలకు పొలుసు తీస్తున్నాను. ఫోన్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న చేపకు రెండో పక్క కూడా తీశాను. తర్వాత ఇంకోటి తీసుకున్నాను. బుట్టలో ఉన్నవన్నీ అయ్యేదాకా తీశాను. కడిగాను. ముక్కలు కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈరోజు ఇక కొట్టు తెరిచేది లేదని.

ఆ చేపలు నేను ఒక్కదాన్నే పట్నం మార్కెట్‌కు పోయి ఏరి తెచ్చినవి. అంతకుముందు ఎప్పుడూ ఒక్కదాన్నే పోలేదు. ఆమె నేర్పినట్టే మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా ఉన్నవే తీసుకున్నాను. సాయంత్రం ఆసుపత్రికి పోయి ఆ సంగతి చెబుదామనుకున్నాను.

ఆమె మా ఆయనకు చిన్నమ్మ, నాకు చిన్నత్త. మా మామ తమ్ముడి భార్య. మా అత్త నా పెళ్లికి చాలా ముందే పోయింది. మా ఆయనను పెంచింది చిన్నత్తే. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయి చాలా కాలమైంది. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద చేత్తో కొట్టి నన్ను పిలిచేది.

నాకు కొత్తవాళ్ల ముందు మాట రాదు. పెళ్లయిన కొత్తలో ఎవరైనా పలకరిస్తే కొంగు నలుపుకుంటూ నిలబడేదాన్ని. వాడలోని ఆడవాళ్లు "మూగదాన్ని తెచ్చిన్రా ఏంది?" అని అడిగితే చిన్నత్త నవ్వేది. "మూగది గాదు. మాటలు దాసుకుంటాంది, వానకాలానికి" అనేది.

వానకాలం వచ్చింది. నా పెళ్లయిన రెండో ఏడు మూడు రోజులు తెరపి లేకుండా కురిసి మా చెరువు కట్ట తెగింది. చేపలన్నీ నీళ్లతో పాటే పొలాల్లోకి, కాలువల్లోకి పోయాయి. కట్ట కింద ఉన్న మా ఇళ్లలోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. వలలు పోయాయి, తెప్పలు పోయాయి. నీళ్లు తగ్గాక వాకిట్లో బురదలో ఒక పెద్ద బొచ్చె చేప చచ్చి పడి ఉంది. చిన్నత్త దాని ముందు కూర్చుని, "సూడు, ఇంటిదాంక వచ్చింది, చుట్టం లెక్క" అన్నది. ఆ రోజు ఎవరమూ నవ్వలేదు.

మా వాడలో పది మంది ఆడవాళ్లు కలిసి అప్పు తీసుకునే సంఘం ఒకటి ఉండేది. ప్రతి మంగళవారం లోను సారు బండి మీద వస్తాడు. ఒకరు కట్టలేకపోతే మిగిలిన తొమ్మిది మందీ కట్టాలి, అందరూ కట్టేదాకా ఒక్కరూ లేవకూడదు. అదే కట్టుబాటు. పదో మనిషి తప్పుకుంటే చిన్నత్త నా పేరు రాయించింది. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టాను. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆమె పక్క నుంచి చూసి, "అక్షరాలు తడిసినయి గని మునగలే" అన్నది.

కట్టను ప్రభుత్వం వాళ్లు పూడ్చారు. వచ్చిన అప్పులో కొంత పెట్టి చేప పిల్లలు కొని చెరువులో వదిలాం. మిగిలిన దానితో వలలు కొనుక్కురమ్మని మగవాళ్లను పంపాం. అక్కడే తప్పు జరిగింది. వాళ్లు సన్నకన్ను వల తెచ్చారు. పెద్దకన్ను వలలో పిల్లలు జారిపోయి ఎదిగిన చేపే చిక్కుతుంది. సన్నకన్ను వల నుంచి వేలంత పిల్ల కూడా తప్పించుకోదు. అది వాళ్లకు తెలియక కాదు. వచ్చే నెల నుంచే వారం వారం కట్టాలి. చేప ఎదగాలంటే ఎండాకాలం దాకా ఆగాలి. పిల్లలనే పట్టి ఎండబెట్టి అమ్మితే కిస్తీలు గడుస్తాయని వాళ్ల లెక్క.

"సారుకు మంగళారం ఎరుక. చేపకు ఎండకాలం ఎరుక. ఇద్దరికీ నడుమ మనం గిన్ని రోజులు బతకాలె" అన్నది చిన్నత్త. పట్నం మార్కెట్‌లో చేపలు కొని, రోడ్డు పక్కన వేయించి అమ్ముదామన్నది.

మా మామ అరుగు మీద నుంచి లేచాడు. "చేపలోళ్లం చేపలు కొనుడేందమ్మా? ఊరు నవ్వదా?"

"నవ్వనియ్ బావా. నవ్వేటోళ్లను నాలుగు ముక్కలు కొనుక్కొని, తినుకుంట నవ్వుమను."

ఆ సాయంత్రమే ఆమె ఆ కొత్త వలను మడత విప్పి తన పెరట్లో బీరపాదు పందిరి మీద కప్పింది. అంచులు గుంజలకు ముడివేసింది. పది రోజుల్లో తీగలు ఆ వల కళ్లలోంచి దూరి, నులితీగలు దారం దారానికీ చుట్టుకున్నాయి. ఇక ఆ వల కావాలంటే పాదు చంపాలి.

మొదటి రోజు మార్కెట్‌కు పోయినప్పుడు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కున్నది. తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని. ఆమె అలా చేయడం నేను అంతకుముందు చూడలేదు. చేపలు ఏరేటప్పుడు మాత్రం కొంగు తీసేసింది. మొప్పలు చూసింది, వేలితో నొక్కి చూసింది, అమ్మేవాడిని ఇంత తిట్టింది. తిరిగి వచ్చేటప్పుడు అల్వాల్ దాటేదాకా బస్సులో మళ్లీ కొంగు ముఖం మీదే ఉంచుకున్నది.

కొట్టు పెట్టాక నా భయమంతా కొనేవాళ్లను పిలవడం గురించే. "నువ్వు పిలువకు బిడ్డా. ముక్క నూనెల ఎయ్యి. అదే పిలుస్తది" అన్నది. నిజంగానే మూకుడు చప్పుడుకు బళ్లు ఆగేవి. నేను పొయ్యి వెనక ఉండేదాన్ని, ఆమె ముందు నిలబడేది. కొత్త కాలనీల నుంచి కోస్తా వైపు వాళ్లు వచ్చేవాళ్లు. ఒకామె ముక్క చేతిలో పట్టుకుని, "ఇది ఈ చెరువు చేపేనాండీ?" అని అడిగింది. అవునంటే అయిపోయేది. చిన్నత్త అనలేదు.

"కాదమ్మా. మార్కెట్ల కొన్నది. మా చెర్వు చేప ఇంక బడికి పోతాంది."

ఆమె పకపకా నవ్వి ఇంకో ప్లేటు తీసుకున్నది. తర్వాత ప్రతి ఆదివారం వచ్చి, "మీ చేప ఏ క్లాసుకొచ్చిందండీ?" అని అడిగేది. ఒకసారి చిన్నత్త నా వైపు చూపిస్తూ, "అయిదుకు. మా కోడలంత సదివింది" అన్నది. నేను పొయ్యి వెనక తల దించుకుని నవ్వాను.

వేయించిన చేప మాత్రం చిన్నత్త ఒక్కనాడూ ముట్టలేదు. మిగిలినవి మాకు పెట్టి, తను పచ్చడి మెతుకులు తినేది. ఎందుకని అడిగాను. "కొన్న చేప నాకు గొంతు దిగదు పిల్లా" అన్నది. అందరి సిగ్గూ పోగొట్టింది గానీ తన సిగ్గు తన దగ్గరే పెట్టుకున్నది.

ఒక మంగళవారం సంఘంలో ఒకామె దగ్గర కట్టడానికి ఏమీ లేదు. మా చేతుల్లోనూ లేదు. పది మందిమీ చాప మీద కూర్చునే ఉన్నాం. లోను సారు గడియారం చూసుకుంటున్నాడు. మధ్యాహ్నమైంది. మగవాళ్లు ఒక్కొక్కరే చిన్నత్త పెరటి దగ్గర చేరారు. మా మామ వల అంచు మీద చెయ్యి వేశాడు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. చెరువులో పిల్లలు అప్పటికి జానెడు కూడా లేవు. ఆ రోజు వల వేసి ఉంటే మాకు ఎండాకాలం ఉండేది కాదు.

చిన్నత్త కట్టుబాటు కూడా చూడకుండా చాప మీద నుంచి లేచి పోయి పందిరి కింద నేల మీద కూర్చుంది. "తియ్యి బావా. ముందుగాల పాదు పీకు. నా నోటికాడి కూర తీసి, అటెన్క వల తియ్యి" అన్నది.

మామ చెయ్యి తీశాడు. అప్పుడు చిన్నత్త లేచి, "సారూ, పొద్దుగుంకేదాంక కూసుంటవా? నీ పైసలు నీ చేతుల పెడ్త" అన్నది. అప్పటిదాకా మేం ఆదివారాలే కొట్టు తెరిచేవాళ్లం. ఆ మంగళవారం ఆమె తెలిసిన చేపల బండివాడి దగ్గర చేపలు అరువు తెచ్చి, తుర్కపల్లి కంపెనీల క్యాబులు వచ్చే వేళకు పొయ్యి వెలిగించింది. ఒక క్యాబు ఆగింది. దాని వెనక ఇంకొకటి ఆగింది. చీకటి పడకముందే ఆ కిస్తీ కట్టాం. లోను సారు కూడా ఒక ప్లేటు తిన్నాడు. చిన్నత్త అతని దగ్గరా పైసలు తీసుకున్నది. "ఉత్తగ పెడితే లంచమంటరు సారూ" అన్నది. ఆ తర్వాత కొట్టు రోజూ నడిచింది.

ఎండాకాలంలో, కొట్టు పైసలతో కొన్న పెద్దకన్ను వల వేశాం. మొదట ఎత్తిన రవ్వ చేపను మా ఆయన రెండు చేతులతో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ రోజు ఆమె పులుసు వండుకుని కట్ట మీద కూర్చుని తిన్నది. ముల్లు తీసి పక్కన పెట్టి, "పాసయింది" అన్నది. అంతే అన్నది.

ఆ సన్నకన్ను వలను మాత్రం పందిరి మీద నుంచి తియ్యలేదు. పాదు ఎండిపోయాక దాని విత్తనాలే మళ్లీ అదే వల కింద పెట్టింది.

ఈ ఏడు వానలకు చెరువులో మళ్లీ పిల్లలు వదిలాం. అవి వేలంత ఉండగానే ఆమె పోయింది.

మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు పెడతాం. ఆ పొద్దున మామ మా ఆయనతో అన్నాడు, "మార్కెట్ చేప వద్దు. కొన్నది ఆమె ముట్టది. చేపలోళ్ల ఇంట్ల చేప లేకుంట పిట్టకు పెడితే నలుగురు ఏమంటరు? చెర్వుల ఉన్నయి గద. ఒక్కపారి వల ఎయ్యి." ఆయన ముఖం వాచిపోయి ఉంది. ఆయన కూడా ఆమె కోసమే అడుగుతున్నాడు.

మా ఆయన కత్తి తీసుకుని, పిల్లలు చిక్కే ఆ సన్నకన్ను వల కోసం చిన్నత్త పెరట్లోకి పోయాడు. నేను కడవ పట్టుకుని వెనకే పోయాను. ఎందుకు పోయానో తెలియదు. ఆయన వల ముడి వెతికాడు. తీగలు చుట్టుకుని ముడి కనపడటం లేదు. ఒక దారం మీద కత్తి ఆనించాడు.

"ఇంక బడికి పోతున్నయి" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా అన్నాను.

ఆయన విన్నాడు. కత్తిని దారం మీద నుంచి తీశాడు. తర్వాత చెయ్యి పైకెత్తి రెండు లేత బీరకాయలు కోశాడు. ఇంట్లోకి తెచ్చి మామ ముందు పెట్టి, "మన చెర్వు చేప ఇంక బడికి పోతాంది నాయినా" అన్నాడు.

మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ గోడకు అవతల ఎవరూ లేరు. బీరకాయలు చేత్తో తడిమి, "రెండు సరిపోవు. ఇంకోటి కొయ్యి" అన్నాడు.

బీరకాయ కూర నేనే వండాను. చెరువు కట్ట మీద విస్తట్లో అన్నం, కూర పెట్టి అందరం వెనక్కి జరిగాం. కాకి వచ్చింది. ముందు అన్నం తిన్నది, తర్వాత కూర తిన్నది. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి పాదుకు నీళ్లు పోశాను. పందిరి పైన, చెయ్యి అందనంత ఎత్తులో ఒక బీరకాయ ఉంది. విత్తనానికని ఆమె వదిలిపెట్టి, ఎవరూ ముట్టవద్దని చెప్పింది. దాని బరువు తీగ మీద లేదు, వల మీద ఉంది. ఎండి గోధుమరంగుకు తిరిగింది. గాలి వచ్చినప్పుడు లోపల గింజలు కదిలిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు గోడకు ఇవతల కూడా వినపడుతుంది.