గడపలు తీసిన ఇల్లు

ఆ రోజు పొద్దున మా ఆయన మస్తాన్ రోజూ లాగే వసారాలో కూర్చుని, చెంచా కట్టెను రెండు పాదాల మధ్య బిగించుకుని ఉలితో చెక్కుతున్నాడు. కట్టె జారింది. మళ్లీ బిగించాడు, మళ్లీ జారింది. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే మా ఇళ్లలో కట్టెను పట్టి ఉంచేది పాదాలే. పాదం పట్టు తప్పితే ఉలి ఎక్కడ దిగుతుందో చెప్పలేం. "అరికాళ్లు మొద్దుబారినాయి, ఏందో నావి కానట్టుగా ఉండాది" అన్నాడు. ఎక్కువసేపు కూర్చున్నావు, లేచి నాలుగడుగులు వెయ్యమన్నాను. లేవబోయి నా భుజం పట్టుకున్నాడు. సాయంత్రానికి మూత్రం కూడా ఆగిపోయింది.

మా ఊరి ఆసుపత్రిలో క్యాథెటర్ వేశారు. అక్కడి డాక్టరమ్మ మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూసి, ఇక్కడ ఆగొద్దు, నెల్లూరు తీసుకుపొమ్మంది. దారిలో ఆత్మకూరులో మా అన్న రఫీ ఆంబులెన్స్ ఎక్కాడు. అది నా పుట్టినూరు, అన్న అక్కడ మేస్త్రీ పని చేస్తాడు. బావ కాలి మీద చేయి వేసి, "తెలుస్తాండాదా బావా?" అని అడిగాడు. ఆయన తెలుస్తోందనే అన్నాడు. కానీ అన్న అప్పటికే చేయి తీసేసి ఉన్నాడు.

నెల్లూరులో ఎం.ఆర్.ఐ. తీశారు. న్యూరాలజీ డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి నాకు చూపించాడు. వెన్నుపాములో వాపు ఉందని, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారని చెప్పాడు. నడుస్తాడా సార్ అని అడిగాను. "కొందరు పూర్తిగా లేస్తారమ్మా, కొందరు లేవరు. ఈయన ఎటో ఇప్పుడే చెప్పలేను. అబద్ధం మాత్రం చెప్పను" అన్నాడు. అప్పుడు ఆ డాక్టరు మీద మండిపడ్డాను. తరువాత చాలామంది తీపి మాటలు విన్నాక, ఆ డాక్టరే మేలనిపించింది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పెట్టారు. చేతులు, వీపు గట్టిగానే ఉన్నాయి, నడుము కింద మాత్రం కదలిక రాలేదు. కాస్త తేరుకుంటున్నాడు అనుకునేసరికి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో చలిజ్వరం వచ్చింది. అది తగ్గేలోపు పిరుదు దగ్గర బెడ్ సోర్ పడింది. ఒళ్లు తిప్పుతూ ఉండండమ్మా అని నర్సు చెబుతూనే ఉంది, నేను తిప్పుతూనే ఉన్నాను, అయినా పడింది. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఆయనకు నొప్పి తెలియదు. నేను చూడలేక గోడ వైపు తిరిగేదాన్ని.

డిశ్చార్జి చేసేటప్పుడు వీల్‌చైర్ రాశారు. ఫిజియోథెరపిస్టు నన్ను పక్కకు పిలిచి, కాళ్ల సంగతి తరువాత చూద్దాం, ముందు ఇల్లు మార్చుకోండి అన్నాడు. ఆయన పని ఆయన చేసుకునేలా ఉండాలన్నాడు. మా ఆయనను అడిగితే ఒకటే చెప్పాడు. "నన్ను ఎత్తుకుని దొడ్డికి తీసుకుపోగూడదు. అంతే. ఇంకేమీ అడగను." చెక్క పనిలో మొండివాడని పేరున్న మనిషి ఆ మాట తల వంచుకుని అన్నాడు. అది చేసి తీరాలనుకున్నాను.

ఇప్పుడు మా అత్త గురించి చెప్పాలి. హుసేన్‌బీ ఆమె పేరు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఇంట్లో చూపున్నదానిలా తిరిగేది. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్లేది, పెరటి తలుపు గడియ తీసేది, కొడుకు చెక్కిన చెంచాలను గరుకు కాగితంతో రుద్ది, బొటనవేలితో తడిమి, నునుపు రాలేదని అతని మీదికే విసిరేది. వచ్చినవాళ్లు చూసి నోరు వెళ్లబెట్టేవాళ్లు. అత్తకు అది మహా ఇష్టం. చేయి పట్టుకోబోతే, "నాకు కండ్లు పోయినాయి గానీ ఇల్లు పోలా" అని విదిలించేది.

ఆ ఇంటి గడపలన్నీ మా మామ చెక్కినవి. వీధి తలుపు గడప మీద పెద్ద పువ్వు, మధ్య గదికి తీగ, వంటింటికి మామిడి పిందెలు, పెరటి గుమ్మానికి ఉత్త గీతలు. ఎత్తుగా ఉండేవి. వానకాలం వీధి నీళ్లు, ఎండాకాలం తేళ్లు లోపలికి రాకూడదని అట్లా పెట్టాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ప్రతిదానికీ కాలు తన్నుకుని ఆయన్ని మనసులో తిట్టుకున్నాను.

అన్న టేపుతో కొలతలు తీసుకుని, వసారా ఎక్కడానికి ర్యాంప్ కడతానని, మధ్య గదికి ఆనుకుని లోపలే బాత్రూము పెడతానని, గడపలు మాత్రం కుర్చీకి అడ్డమని చెప్పాడు. మా ఆయన ఒప్పుకోలేదు. నాయన చేతి పని, వాటి జోలికి పోవద్దన్నాడు. గడపలకు అటూ ఇటూ చిన్న చిన్న ఏటవాలు చెక్కలు పెడదామా అని నేనన్నాను. అంత ఎత్తుకు పెడితే గదే సరిపోదన్నాడు అన్న. అప్పుడు అత్త లేచింది. మంచం దిగి వచ్చి మధ్య గడప మీద కూర్చుని, తీగ మీద చేయి రాసింది.

"రంపం తీసుకురా రఫీ," అంది. "నా బిడ్డకు అడ్డమొచ్చేది ఏదైనా నాకు వద్దు."

అన్నీ కోశారు. ముక్కలను పొయ్యిలోకి పోనివ్వకుండా తన మంచం కింద పెట్టించుకుంది. అప్పుడు నాకు ఆమె మీద ఎంత గౌరవం పుట్టిందో.

పని జరిగినన్నాళ్లు ముగ్గురం ఆత్మకూరులో అన్న ఇంట్లో ఉన్నాం. అక్కడ ఫిజియోథెరపీ చేయించాం. ఆయన చేతులతో ఒంటిని ఎత్తి మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మంచం మీదికి మారడం నేర్చుకున్నాడు. అత్త మాత్రం ఆ ఇంట్లో మంచం దిగేది కాదు. లేచినా గోడ తడుముకుంటూ నిలబడిపోయేది. కొడుకు దిగులు అనుకున్నాం. మా వదిన ఆమెకు మంచం దగ్గరికే అన్నం తెచ్చి పెట్టేది, ఆమె తిట్టుకుంటూ తినేది.

ఇల్లు తయారైందంటే తిరిగి వచ్చాం. ర్యాంప్ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వైపు మేస్త్రీలకు ర్యాంప్ అంటే మోటారు సైకిల్‌ను వసారాలోకి ఎక్కించే వాలు. నిట్టనిలువుగా కట్టి, టైరు జారకుండా అడ్డగీతలు గీశాడు మా అన్న. మా ఆయన కుర్చీలో రెండడుగులు ఎక్కి, వెనక్కి జారి నా కాళ్ల మీదికి వచ్చాడు. "బావకు ఒక ఇంజను కూడా పెట్టించన్నా" అని అన్నను దెప్పిపొడిచాను. సిగ్గుపడి అదంతా పగలగొట్టి, వసారా పొడుగునా సన్నగా సాగే వాలు కట్టాడు. దాని అంచుకు చిన్న గోడ పెట్టాల్సింది ఒక్కటి మిగిలింది. పైవారం వచ్చి పెడతానని ఆత్మకూరు వెళ్లాడు.

లోపల నేల అంతా ఒకే నున్నని పలక. మా ఆయన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కుర్చీ తోసుకుంటూ, తిరిగి తోసుకుంటూ తిరిగాడు. బాత్రూములోకి తానే వెళ్లి, కడ్డీ పట్టుకుని తానే మారి, తానే తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు బయట నిలబడి నేను ఏడ్చాను. అన్ని నెలల్లో సంతోషంతో ఏడ్చింది అదొక్కసారే.

ఆ సంబరంలో అత్తను ఎవరం చూడలేదు. ఆమె మళ్లీ నడుస్తోంది కదా అనుకున్నాం. నడుస్తోంది, కానీ మెల్లగా. వంటింట్లోకి వెళ్లబోయి బాత్రూము తలుపు దగ్గర ఆగేది. కొత్త నేల కదా, జారుతుందని భయపడుతోంది అనుకున్నాను.

అన్న ఇంకా తిరిగి రాకముందే, ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. మా ఆయన బాత్రూములో ఉన్నాడు. అత్త పాత చెంచాల బుట్ట చంకన పెట్టుకుని వంటింట్లోకని లేచింది. వీధి తలుపు వైపు నడిచింది. అక్కడ కాలికి తగలాల్సిన పువ్వు లేదు. వసారాలోకి వచ్చింది, ర్యాంప్ మీదికి వచ్చింది, అంచు మీంచి కింద పడింది. కేక వేసింది. ఒళ్లంతా సబ్బు నీళ్లతో నేను పరుగెత్తుకొచ్చేసరికి మా ఆయన నాకంటే ముందే అక్కడున్నాడు. కడ్డీ పట్టుకుని కుర్చీలోకి మారి, మూడు గుమ్మాలు దాటి, ఆ వాలు మీద ఒక్కడే దిగి, అమ్మ పక్కన కుర్చీ ఆపి, వంగి ఆమె చేయి పట్టుకుని ఉన్నాడు. గడపలు ఉండుంటే ఆయన అక్కడికి రాలేకపోయేవాడు. గడపలు ఉండుంటే ఆమె అక్కడ పడేది కాదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యకపోతే మంచం మీదే ఉండిపోతుందని, చేస్తే ఆ వయసులో గుండె తట్టుకోవాలని నెల్లూరు డాక్టరు చెప్పాడు. చేశారు. ఆపరేషన్ బాగానే అయింది. వార్డులో ఆమె తల దువ్వుతూ, ఇల్లంతా చూపున్నదానిలా తిరిగేదానివి, ఆ రోజు దారి ఎట్లా తప్పావు అత్తా అని అడిగాను. దువ్వెన పక్కన పెట్టమంది. తరువాత చెప్పింది. పువ్వు తగిలితే వీధి, తీగ తగిలితే మధ్య గది, పిందెలు తగిలితే పొయ్యి. ఇన్నేళ్లూ కాళ్లతోనే ఇల్లు చూసుకుందట.

మరి కోసేటప్పుడు ఒక్కమాట ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"చెప్పుంటే మీరు కోసుంటారా?" అంది.

తరువాత ఆమె ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు, ఐ.సి.యు.లో ఉంచారు. ఆమె ఇంటికి రాలేదు.

నాకు అత్త మీద ఇప్పటికీ కోపం ఉంది. చెప్పుంటే ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం. ఆమె మాత్రం ఒక్క నిమిషంలో తన దారి తీసి కొడుకు దారిలో వేసేసి, ఆ సంగతి మాకు తెలియకుండా దాచుకుంది. ఆ మాట మా ఆయనకు చెప్పాలా వద్దా అని నలిగిపోయి, చివరికి చెప్పాను. విన్నాక చాలా రోజులు బాత్రూముకు తానుగా వెళ్లలేదు. నన్నే పిలిచేవాడు. చేతకాక కాదని నాకు తెలుసు, అందుకే పిలిచినప్పుడల్లా వెళ్లాను. ఉలి ముట్టలేదు. బెడ్ సోర్ మళ్లీ తిరగబెట్టింది. "ఈయనకు మందు కంటే పని ముఖ్యం" అని డాక్టరు నాతో అన్నాడు, కానీ పని ఎట్లా చేయించాలో ఆయనా చెప్పలేదు.

ఒకరోజు తానే మంచం కింద చూడమన్నాడు. కోసిన గడపల ముక్కలు తీసిచ్చాను. ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తడిమాడు. పాదాల పట్టు లేదు కాబట్టి కుర్చీకి ఒక పలక బిగించి, దానికి కట్టెను పట్టి ఉంచే బిగింపు పెట్టించుకున్నాడు. నాయన చెక్కిన పై భాగాన్ని పలచగా కోసి, పువ్వు, తీగ, పిందె చెడకుండా సన్నని పట్టీలు చేశాడు. అన్న వచ్చి ప్రతి గుమ్మం దగ్గర నేలను తవ్వి, వాటిని నేలతో సమంగా దించి పెట్టాడు. చక్రం వాటి మీద ఆగదు. పాదానికి మాత్రం తెలుస్తుంది. ర్యాంప్ అంచుకు అప్పుడు మిగిలిపోయిన గోడ కూడా కట్టాడు.

ఇప్పుడు మా ఆయన కుర్చీలో కూర్చునే చెంచాలు చేస్తాడు. నడక రాలేదు. ఇక రాదనే అనుకుంటున్నాం. క్యాథెటర్ తానే వేసుకుంటాడు, తన స్నానం తాను చేస్తాడు. ఆయన అడిగింది జరిగింది.

నాలాగా ఇంట్లో మనిషి కోసం ఇల్లు మార్చేవాళ్లకు ఒక్క మాట. జబ్బు మనిషి ఒక్కరినే చూసి కొలతలు తీయించకండి. పగలగొట్టే ముందు ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఎట్లా నడుస్తున్నారో, ఏది పట్టుకుంటున్నారో, కాలు ఎక్కడ ఆపుతున్నారో కొన్నాళ్లు మీరే చూడండి. అడిగినా పెద్దవాళ్లు చెప్పరు.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పట్టీలు అవసరమైనవాళ్లు ఎవరూ లేరు. మొన్న ఇల్లు ఊడ్చాక చీపురు పక్కన పెట్టి, చెప్పులు లేకుండా, కళ్లు మూసుకుని అత్త మంచం దగ్గర నుంచి బయలుదేరాను. వంటింట్లోకనే నడిచాను. వీధి తలుపు దగ్గర పువ్వు కాలికి తగిలింది. ఆగిపోయాను. ఆ రోజు ఈ పువ్వు ఉండుంటే అత్త కూడా అక్కడే ఆగి ఉండేది.