ఏసోబు మామను పచ్చసొన చంపలేదు

నిన్న పొద్దున ఫోన్ తీస్తే మా జిమ్ గ్రూపులో ఒకటే మెసేజ్.

"ఏసోబు మామ పోయిండు."

నమ్మలేదు. మొన్న సాయంత్రమే ఆయన బండి దగ్గర నిలబడి మూడు గుడ్లు తిని వచ్చాను. మనిషి బాగానే ఉన్నాడు. నన్ను బాగానే తిట్టాడు కూడా.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. వనపర్తిలో మా జిమ్ ముందు ఉడకబెట్టిన గుడ్ల బండి ఏసోబు మామది. సొంతూరు కోడేరు. వయసులో ఉన్నప్పుడు ఊళ్లు పట్టుకు తిరిగి కాలువల దగ్గర, డ్యాముల దగ్గర మట్టి మోసిన మనిషి. డెబ్బై దాటినా ఆ భుజాలు చూస్తే మా ట్రైనర్ తన టీషర్టు సర్దుకునేవాడు.

షాక్‌లోంచి తేరుకోకముందే రెండో మెసేజ్ పడింది. రాసింది గ్రూపు అడ్మిన్ శీను. గద్వాల పిల్లగాడు, ఇక్కడ రూమ్ తీసుకుని ఉంటాడు. గుడ్డులో తెల్లదే తినాలనే వైట్స్-ఓన్లీ పార్టీకి జిల్లా అధ్యక్షుడు.

"హార్ట్ అంట. చెప్తే ఇంటరా? రోజూ పచ్చసొన తింటే గిట్లనే అయితది."

దాని కింద బొటనవేళ్ల వర్షం.

మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. జడ్జిమెంట్ మాత్రం వచ్చేసింది.

అందుకే ఈ పోస్ట్.

నిజం చెప్పాలంటే రెండేళ్ల కిందట నేనూ ఆ పార్టీ కార్యకర్తనే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పరుగు పరీక్షలకు, ప్రిపేర్ అవుతున్న రోజులు. ఫోన్‌లో ఎవరో సిక్స్‌ప్యాక్ మహానుభావుడు "ఎల్లో అంటే విషం" అన్నాడు. అంతే. డిగ్రీ చదివిన బుర్రను తీసుకెళ్లి ఆయన పాదాల దగ్గర పెట్టేశాను.

మామ బండి దగ్గర తెల్లది నోట్లోకి, పచ్చది ప్లేట్లోకి. ఆరు గుడ్లకు ఆరు పచ్చ గోళీలు మిగిలేవి.

"ఏందిరా గిది?"

"ఫ్యాట్ మామా. నాకొద్దు."

"ఫ్యాట్ యాడుందిరా నీకు? నడుముకు లాగు నిలుస్తలేదు. తిను!"

తినలేదు. పైగా అన్నం, రొట్టె కూడా మానేశాను.

ఒక పొద్దున జిమ్ పక్కన గ్రౌండ్‌లో రన్నింగ్ చేస్తుంటే మూడో రౌండ్‌లో గ్రౌండే నా చుట్టూ రన్నింగ్ మొదలుపెట్టింది. కళ్లు తెరిచేసరికి దవాఖాన. పక్కన మామ. బండి ఉన్నదున్నట్టు వదిలేసి, నన్ను ఆటోలో వేసుకుని వచ్చాడు.

డాక్టర్ ఏం తింటున్నావని అడిగారు.

"ఆరు వైట్స్ సార్."

"ఇంకా?"

"గ్రీన్ టీ."

డాక్టర్ పెన్ను కింద పెట్టేశారు. "తప్పు గుడ్డుది కాదు బాబూ. మిగతా తిండంతా మానేస్తే ఎవరైనా పడిపోతారు. నీకే జబ్బూ లేదు, గుడ్డు మొత్తం తిను. అన్నం కూడా తిను. షుగరో కొలెస్ట్రాలో ఉన్నవాళ్లయితే ఎన్ని తినాలో అడిగి తినాలి."

మామ బయటికి వచ్చేదాకా ఆగాడు. తర్వాత ఆగలేదు.

"ఇన్నవా? గా సారుకు నీకంటె ఎక్కువ చదువొచ్చు. నాకు తక్కువొచ్చు. ఇద్దరం ఒక్కటే చెప్పినం. నడుమ నీకేం పుట్టిందిరా?"

ఆ రోజు పార్టీ మారాను. ఈవెంట్స్ పాసయ్యాను. రాతపరీక్షలో పోయింది. అందులో గుడ్డు ప్రమేయం లేదు.

నిన్న మధ్యాహ్నం బైకుల మీద కోడేరు వెళ్లాం. మామ భార్య సుగుణమ్మ అత్త ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. ప్రార్థన అయిపోయింది. శీను నోరు ఊరుకోదు కదా.

"అత్తా, జర గుడ్లు తగ్గించమని చెప్పకపోతివా?"

అత్త వాణ్ని ఒకసారి చూసింది.

"ఏం గుడ్లు బిడ్డా? ఆయన పచ్చది ముట్టక రెండేండ్లాయె." నా వైపు చెయ్యి చూపింది. "గీ పిల్లగాన్ని దవాఖానకు తీస్కపోయిన్నాడు ఆయన గూడ రక్తం సూపిచ్చుకున్నడు. కొవ్వున్నదన్నరు, పచ్చది బంద్ చెయ్యమన్నరు. గప్పటిసంది తెల్లదే తింటుండె. పచ్చది నాకు పెడుతుండె."

శీను మొహం ఉడికించి పొట్టు తీసినట్టయింది.

నేనే అడిగాను. "మరి మమ్మల్ని పచ్చది తినమని రోజూ తిట్టేటోడు గదత్తా?"

"మీకేం రోగం? ఆయనకుంటె మీకుంటదా?"

అప్పుడు ఆలోచిస్తే తట్టింది. మామ పచ్చసొన తినడం ఈ రెండేళ్లలో మాలో ఎవరమూ చూడలేదు. మమ్మల్ని తినమనడమే చూశాం.

రోజంతా గుడ్ల ముందు నిలబడి, ఉడికించి, పొట్టు తీసి, ఉప్పూకారం చల్లి మా చేతుల్లో పెట్టిన మనిషి. తనకిష్టమైంది తాను మానేసి, ఆ సంగతి మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు.

"అయితే వైట్స్ తిని పోయాడన్నమాట" అని టైప్ చేయబోతున్న మేధావులారా, వేళ్లు ఆపండి. మట్టి, రాళ్లు మోసీ మోసీ అలసిన గుండె నిద్రలో ఆగింది. ఇందులో కోడి తప్పేమీ లేదు.

వచ్చేముందు అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నోరు కట్టుకోక పోయిండని మా వాడకట్టుల గూడ అంటున్నరంట బిడ్డా. ఆయన డాక్టరు మాట దాటలే. గది జర రాయి నీ ఫోన్ల."

రాశాను అత్తా.

శీను తన మెసేజ్ డిలీట్ చేశాడు. అంత మాత్రం సరిపోదన్నాను. మట్టి వేసి వచ్చాక, గ్రూపులో తనే అందరికీ వాయిస్ మెసేజ్ పెట్టాడు: "నేను తప్పు చెప్పిన. మామ నోరు కట్టుకున్న మనిషి." ఈసారి డిలీట్ చేయలేదు.

మామా, నీ మీద పడ్డ మాట తీసేసినం. ఇగ నిమ్మళంగ పండుకో.