గెలాక్సీ ఫొటోలో కదిలిన చుక్క

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, వాళ్లను నవ్వులపాలు చేసి గానీ వదిలేవాణ్ణి కాదు. విజయనగరంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ పొగరు ఇప్పుడు లేదు. అలాగని దయ్యాలను నమ్మడమూ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు ఆకాశాన్ని ఫొటోలు తీసే పిచ్చి ఉండేది. ఆ డిసెంబరులో త్రిభుజ గెలాక్సీ మీద పడ్డాను. మనకు దగ్గర్లో ఉన్న సుడి గెలాక్సీల్లో అదొకటి. దగ్గరంటే, దాని వెలుగు మనల్ని చేరడానికి ఇరవై ఏడు లక్షల ఏళ్లు పడుతుంది. దాని నిండా ఎర్రటి, నీలపు నెబ్యులాలు. కొత్త నక్షత్రాలు పుట్టే మేఘాలన్నమాట. అవి ఫొటోలో పడాలంటే కటిక చీకటి కావాలి.

అందుకే పెదబయలు పైన, జీపు దిగి గంట నడిస్తే వచ్చే ఒక కొండ ఊరికి వెళ్లాను. లచ్చన్న అనే కాఫీ రైతు తన ఇంటి పై గట్టు మీద చోటిచ్చాడు, అన్నం పెట్టాడు. నేనేమో ఊళ్లో ఉన్న పది ఇళ్లవాళ్లనూ పిలిచి, ఎనిమిది నుంచి పదకొండు దాకా బల్బులు, టార్చీలు వేయొద్దని మాట తీసుకున్నాను. అడగడానికి సిగ్గు కూడా వేయలేదు.

తొమ్మిది దాటాక లచ్చన్న చీకట్లోనే గట్టెక్కి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"సారూ, ఓ టార్చీ ఏసుకోవచ్చేటి?"

పదకొండు దాకా ఆగమన్నాను. కెమెరా మీంచి తల కూడా ఎత్తలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తెల్లవారాక తెలిసింది. ఆయన కూతురు బుల్లెమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయట. కర్రకు దుప్పటి కట్టి, ఆ డోలీలో జీపు రోడ్డుకు మోసుకెళ్లారు. చీకట్లో ముందు మోసేవాడి కాలు జారింది. బుల్లెమ్మ, కడుపులో బిడ్డ, ఇద్దరూ ఆ దారిలోనే పోయారు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. దొంగలా సామాను సర్దుకుని వచ్చేశాను.

నెల తిరక్కుండా ఫొటో తయారు చేశాను. సిగ్గులేని పనే, ఒప్పుకుంటాను. రెండేసి నిమిషాల ఫ్రేములు డజన్ల కొద్దీ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇందులో పద్ధతి. అన్నింట్లోనూ ఒకే చోట ఉన్నది మిగులుతుంది, కదిలినదాన్ని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తుంది. ఫొటో శుభ్రంగా వచ్చింది. నెబ్యులాలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. చూసినవాళ్లంతా తెగ మెచ్చుకున్నారు.

తర్వాత అలవాటు కొద్దీ విడి ఫ్రేములు చూశాను. తొమ్మిదిన్నర నుంచి గెలాక్సీ పక్కన ఒక పసుపు చుక్క ఉంది. ఫ్రేము ఫ్రేముకీ కొంచెం జరుగుతూ, వంకర్లు తిరుగుతూ పోయింది. పదీ పదికి ఒకచోట ఆగింది. మరో ఆరు ఫ్రేముల తర్వాత లేదు.

విమానమైతే గీతలా పడుతుంది. ఉపగ్రహమూ అంతే. సెన్సర్ లోపమైతే కదలదు. కొండ మీద ఎవరి దీపమో అనుకుందామన్నా, కెమెరా చూస్తున్నది నడినెత్తిన ఉన్న ఆకాశాన్ని. నాకొచ్చిన ఫిజిక్స్ అంతా అక్కడికి అయిపోయింది.

ఆ చుక్క నడిచిన దారిని కాగితం మీద గీసుకుని మళ్లీ ఆ ఊరెళ్లాను. క్షమించమని అడగాలనే వెళ్లాను, ఆయన ముఖం చూశాక ఆ మాట దాటేసి, కాగితం ఏమిటో చెప్పకుండానే చేతికిచ్చాను. లచ్చన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒకవైపు నిలిపి, గీత వెంట వేలు పోనిచ్చాడు.

"ఇది మా బాటే సారూ. ఇది పనసచెట్టు మలుపు. ఇది గెడ్డ నీళ్లు దాటే చోటు." వేలు చివరి చుక్క మీద ఆగింది. "ఇక్కడే పడిపోనాది మా గుంట బుల్లెమ్మ."

ఆ వెలుగు ఏమిటో, ఆకాశంలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎన్నిసార్లు లెక్కలు వేసినా తేలలేదు. ఆ రోజు లచ్చన్నను మాత్రం ఒకటే అడిగాను, ఆ రాత్రి వాళ్లలో ఎవరి దగ్గరైనా దీపం గానీ ఉందా అని.

"నేదు సారూ," అన్నాడు. "మీకు మాటిచ్చేం కదా."