ఆది జాకెట్ల కోసం ఉదయగిరి

కువైట్‌లో నేనుండే ఫర్వానియా నుంచి ఒక జాకెట్టు బట్ట ఉదయగిరి వెళ్ళి, కుట్టించుకుని, తిరిగి రావడానికి ఎంత లేదన్నా మూడు నెలలు పడుతుంది. సెలవుకు ఊరొచ్చే ఎవరిదో సూట్‌కేసులో అది రావాలి. మళ్ళీ ఇంకెవరో వెళ్ళేటప్పుడు పట్టుకుపోవాలి. ఇంత తతంగం నడుస్తుంటే నేను అదే పేటలో మిషను ముందు ఖాళీగా కూర్చుని ఉంటాను. చీరకు ఫాల్ కుట్టాలంటే నేను కావాలి, జాకెట్టుకు మాత్రం ఉదయగిరి మస్తాన్ మాస్టరు కావాలి. మొదట్లో ఒళ్ళు మండేది. మండీ మండీ చివరికి ఆశ్చర్యం మిగిలింది. ఆయన దగ్గర ఏముందో చూసి రావాలని ఈసారి సెలవులో బయలుదేరాను.

నా పేరు పెంచలమ్మ. మాది ఆత్మకూరు. పదకొండేళ్ళుగా కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేస్తున్నాను. శుక్రవారం సెలవు పూట తెలిసినవాళ్ళ గదిలో మిషను తొక్కుతాను. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, అక్కడ అలాగే పిలుస్తాం, ఆమె చెల్లెలు తన పేరు మీద టైలరింగ్ షాపు తీస్తానని, నన్ను నడుపుకోమని అంది. గిరాకీ అంతా మన వైపు నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళే. ఒప్పుకుంటే ఇంటిపని మానెయ్యాలి. నా చోట వేరే మనిషిని పెట్టుకుంటారు. షాపు నడవకపోతే వెనక్కి వెళ్ళడానికి చోటుండదు. గురువారం లోపు జవాబు చెప్పాలి. నేను ఉదయగిరి బస్సెక్కింది మంగళవారం.

చిక్కంతా ఆది జాకెట్టుతోనే. టేపు పెట్టి కొలవాలంటే మనిషి ఎదురుగా ఉండాలి కదా. అక్కడ సగం మందికి గడప దాటే వీలుండదు. ఇంటి డ్రైవరు చేతికి బట్ట ఇచ్చి పంపుతారు. దానితోపాటు ఒంటికి సరిపోయిన జాకెట్టు ఒకటి కొలతకు రావాలి, అదే ఆది. మంచి ఆదులన్నీ మస్తాన్ మాస్టరు బీరువాలో ఉన్నాయి కాబట్టి నాకు వేసి వేసి సాగిపోయినవి పంపేవాళ్ళు. వాటిని చూసి కుడితే కుదరలేదని కబురొచ్చేది. ఆ బీరువాలోని ఆదులు తెచ్చుకుంటే షాపు నడిచినట్టేనని నా నమ్మకం.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో రెండు కారం దోశలు, ఒక టీ తీసుకున్నాను. డెబ్బై రూపాయలు. పల్లెవెలుగు ఏడూ ఇరవైకి కదిలింది. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు లేదు, కార్డు చూపిస్తే చాలన్నారు కదా అని పర్సులో చేతికి దొరికిన కార్డు తీసి ఇచ్చాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేందిమా, అరబ్బీలో ఉండాది? ఆధార్ తియ్యి."

అది నా కువైట్ కార్డు. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళు ఆధార్ పైన పెట్టుకుంటే మంచిది.

ఆత్మకూరు దాటి మర్రిపాడు మండలంలోకి వచ్చేసరికి పచ్చదనం పలచబడింది. కంది చేలు, సజ్జ చేలు, మధ్యలో రాళ్ళ బీళ్ళు. ఒకచోట గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపేసి దిగి, మందవాడితో మాట్లాడుతూ నిలబడ్డాడు. వెనక లారీ హారను కొడుతున్నా ఇద్దరికీ తొందర లేదు. ఆ ఆగిన చోటే ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో గుడ్డసంచి, అందులో కొత్త బట్ట మడతలు.

"ఎందాకా?" అన్నాను.

"ఉదయగిరి. మా వదిన కువైట్ నుంచి బట్ట పంపినాది. మస్తాన్ మాస్టరు కాడ ఇచ్చి రావాల."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అక్కడ కుట్టేవాళ్ళు లేరా అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఎందుకు లేరు? ఎవురో పెంచలమ్మంట, ఆత్మకూరామె. ఒకసారి ఇచ్చి చూసినాది. చెయ్యి ఎత్తితే చంక పిగిలిపోయిందంట. పిలకాయల ముందర సిగ్గు పోయినంత పనయిందని ఒకటే తిట్లు."

పేరు చెప్పుకునే ధైర్యం లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కొండ కనబడింది, దాని నెత్తిన పాత కోట గోడలు. తొమ్మిదీ పదికి ఉదయగిరిలో దిగాం. కోట చూడాలనుకునేవాళ్ళు ముందురోజే వచ్చి ఉండి తెల్లవారుతూనే ఎక్కడం మేలని బస్టాండులో టీ కాచే ఆయన చెప్పాడు. నాకు ఆ రోజు కొండ మీద పనిలేదు. ఒక వీధిలో ఇంటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు కొయ్య గరిటెలకు ఆకురాయి పడుతున్నారు. సన్నటి కొయ్యపొడి వాళ్ళ మోచేతుల దాకా అంటుకుని ఉంది. రెండు గరిటెలు కొని సంచిలో వేసుకుని, మాస్టరు అంగడి ఎక్కడని వాళ్ళనే అడిగాను.

అంగడి అంటే ఇంటి ముందు గదే. మస్తాన్ మాస్టరుకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మెళ్ళో టేపు. కాలితో తొక్కే పాత మిషను. వెనక ఇనప బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. అరల నిండా మూటలు, ఒక్కో ఊరి వైపుకు ఒక్కో మూట. సీతారామపురం మూట అన్నిటికన్నా పెద్దది. ఆ వైపు నుంచి వెళ్ళిన వాళ్ళు ఎక్కువని దాన్ని చూస్తేనే తెలిసిపోయింది. బస్సులో కలిసినామె నాకన్నా ముందే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది.

నేను వరస కలిపి చెప్పుకోకుండా ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాను. "మాస్టరూ, నా పేరు పెంచలమ్మ. కువైట్‌లో జాకెట్లు కుడతాను. మీ కాడ ఉండే కువైటోళ్ళ ఆదులు ఇస్తారేమో అడుగుదామని వచ్చినాను."

స్టూలు మీదామె నోరు తెరిచి నావైపు తిరిగింది. "నువ్వేనా ఆ పెంచలమ్మ? బస్సులోనే చెప్పకూడదా?"

"చెప్పుంటే చంక సంగతి నాకు తెలిసేదా?"

మాస్టరు నవ్వాడు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. కూర్చోమని, లోపలికి తిరిగి చాయ్ పంపమన్నాడు. తరవాత ఆమె తెచ్చిన బట్ట విప్పి కాంతికి పట్టి చూశాడు. కొలతల గురించి అడుగుతాడనుకున్నాను.

"మీ వదిన ఇప్పుడు ఏం పని చేస్తా ఉండాది?" అన్నాడు.

"ముందర వంట. మూణ్ణెల్ల నుంచి కవల పిలకాయల్ని చూసుకునే పనంట."

"నడవని పిల్లలా? ఏ చంకన ఎత్తుకుంటాది?"

ఆమెకు తెలియదు. వెంటనే వదినకు వాయిస్ మెసేజ్ పెట్టమన్నాడు. అదృష్టం కొద్దీ పావుగంటలో జవాబొచ్చింది. ఇద్దరినీ ఎడమవైపే మార్చి మార్చి ఎత్తుకుంటుందట, కుడిచేత్తో పాలసీసా పట్టుకోవాలి కదా. మాస్టరు మూటలోంచి ఆమె ఆది జాకెట్టు తీశాడు. దాని మీద అప్పటికే ఎర్రదారంతో, పసుపుదారంతో టాకాలు వేసి ఉన్నాయి. ఎడమ భుజం దగ్గర, నడుం పక్కన పచ్చదారంతో కొత్త టాకాలు వేశాడు. అక్కడ అంత బట్ట ఎక్కువ వదలాలని గుర్తు.

"ఎర్రదారం ఏంది మాస్టరూ?" అన్నాను.

"అప్పుట్లో ఆమె ఇస్త్రీ పని చేసేది. రోజంతా కుడిచెయ్యి ముందుకీ వెనక్కీ పోతా ఉంటాది. ఆ చంక వదులుండాల. పసుపుది వంటకి. పెద్ద తపేలాలు దించాల గదా." దారం తెంపి నావైపు చూశాడు. "ఆది చూసి ఎవురన్నా కుడతారమ్మా. మనిషి ఊరొదిలి పొయినాక ఒళ్ళు పనిని బట్టి మారతా ఉంటాది. నేను కువైట్ చూడలా. అందుకే అడుగుతాను. నువ్వు ఆడే ఉండావు గదా."

నాకు సిగ్గేసింది. ఇస్త్రీ చేశాను, తపేలాలు దించాను, ముసలివాళ్ళను ఎత్తి స్నానాలు చేయించాను. నా జాకెట్టు కుడిచంక ఎన్నిసార్లు పిగిలితే అన్నిసార్లు అతుకు వేసుకున్నాను. అయినా ఒక్క మనిషిని కూడా, నీ పనేమిటమ్మా అని అడగాలని తోచలేదు.

మధ్యాహ్నం మాస్టరు భార్య సజ్జరొట్టె, వంకాయ కూర పెట్టింది. తినకుండా కదలనివ్వలేదు. భోజనాలయ్యాక మళ్ళీ ఆదుల మాట ఎత్తాను. షాపు సంగతి, గురువారం గడువు సంగతి దాచకుండా చెప్పాను. కువైట్‌లోవాళ్ళంతా నా దగ్గరికి వస్తే ఆయన గిరాకీ సగం పడిపోతుందని కూడా చెప్పాను.

"అది తెలస్తానే ఉండాది," అన్నాడు. "కానీ ఈ ఆదులు నావి కాదు గదా ఇచ్చేదానికి. ఎవురిది వాళ్ళని అడుగు. ఇమ్మంటే మూటకట్టి కండక్టరు చేతికిచ్చి ఆత్మకూరు పంపిస్తాను."

న్యాయమైన మాట. అక్కడే కూర్చుని మా శుక్రవారం గ్రూపులో, అదే మేమంతా ఉండే వాట్సాప్ గ్రూపులో, అందరికీ వినబడేలా వాయిస్ మెసేజ్ పెట్టాను. షాపు పెట్టబోతున్నానని, ఆదులు తెచ్చుకోమంటారా అని, మాస్టరులాగే ఇకమీదట ఎవరి పని ఏమిటో అడిగి మరీ కుడతానని. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ వంటల వేళ. సాయంత్రం దాకా ఎవరూ ఫోను ముట్టరు.

నాలుగున్నర బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఐదు దాటాక ఫోను మోగడం మొదలుపెట్టింది. అంట్లు తోమడం అయినట్టుంది.

"ఒకసారి పాడు చేసినావు, చాలదా?" అని ఒకామె నవ్వుతూనే అంది. మాస్టరు ఏమనుకుంటాడోనని ఇంకొకామె. ఆలోచించి చెప్తానని ఇద్దరు. అలా అన్నవాళ్ళు ఇక చెప్పరని నాకు తెలుసు. అందరికన్నా పెద్దది, సీతారామపురం వెంకటసుబ్బమ్మ, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నా ఆది ఆడే ఉండనీ పెంచలమ్మా. ఇంట్లో మా మరిది వాళ్ళుండారు. రేషన్ కార్డులో నా పేరు తీసేసినారు. ఆ పక్క నాదంటా ఇంకేముండాది? ఏడాదికోసారన్నా మాస్టరు దాన్ని బయటికి తీసి, నేనేం చేస్తా ఉండానో అడుగుతాడు."

తీసుకురమ్మన్నవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. ఇంటిపనిలోనే ఉండిపోతానని మామాకు చెప్పేద్దామని మనసులో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. బాధగానే ఉంది. పదకొండేళ్ళలో నాదంటూ ఒకటి పెట్టుకుందామని ఆశపడింది ఇదొక్కసారే.

బస్సు ఆత్మకూరు పొలిమేరలోకి వస్తుండగా ఇంకో మెసేజ్ వచ్చింది. సునీత అని పేరు కనబడింది. గ్రూపులో ఉన్నట్టే నాకు గుర్తులేదు.

"అక్కా, మాది రాయచోటి అవతల. నాకు ఉదయగిరిలో ఆది లేదు. యాడా లేదు. రెడీమేడ్‌వి ఏసుకుంటా. ఈడ ఒక పెద్దామెను మంచం మింద నుంచి లేపి కూచోబెట్టే పని. కుడిచంక కాడ రోజూ పిగిలిపోతాంది. నువ్వు పనేందో అడుగుతానన్నావు గదా, అందుకని చెప్తాండా."

ఆమెను ఎలా లేపుతావు, బరువంతా కుడిచేతి మీదేనా అని అడిగాను. నాలుగు నిమిషాల వాయిస్ వచ్చింది. పొద్దున ఐదుకు ఎలా లేపుతుందో, ఎక్కడ చెయ్యి వేస్తుందో, ఆ పెద్దామె ఏ రోజు నవ్వుతుందో, ఏ రోజు గిల్లుతుందో అన్నీ చెప్పింది. జాకెట్టు ఊసు చివరి పావు నిమిషమే. ఆ పని గురించి ఆమెను అడిగినవాళ్ళు అక్కడ ఇంతవరకూ ఎవరూ లేరు కాబోలు.

ఆరూ పదికి ఆత్మకూరులో దిగాను. ఉదయగిరి వెళ్ళి చూడమని ఎవరైనా అడిగితే తప్పకుండా వెళ్ళమంటాను. బస్సులు సులువు, గరిటెలు మంచివి, మనుషులు అడిగిన దానికి సూటిగా జవాబు చెప్తారు. నేను అడిగినది నాకు దొరకలేదు. అయినా ఉత్త చేతులతో వచ్చాననిపించలేదు.

బస్టాండులోనే ఒక పక్కకు నిలబడి మామా చెల్లెలికి ఫోను చేసి షాపు తీసుకుంటున్నానని చెప్పాను. ఆమె సంతోషపడింది. అంతలోనే వ్యాపారం మనిషి కదా, ఇప్పటికి గిరాకీ ఎంతమంది ఉన్నారని అడిగింది.

"ఒకామె ఉంది," అన్నాను.